పచ్చదనం చాటున మొగల్తూరు

ఒక ఊరి మనుషులనూ, పనులనూ, నేలనూ, నీటినీ తేదీలతో, పేర్లతో ఏళ్ల తరబడి ఫొటోల్లో నమోదు చేసే పనిని డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అంటారు. పెళ్లి ఫొటో కావాలని అడిగేవాళ్లు ఉంటారు, ప్రకటన ఫొటోకి డబ్బులిచ్చేవాళ్లు ఉంటారు. దీన్ని మాత్రం ఎవరూ అడగరు. ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక ఆ చెరువు అప్పుడెలా ఉండేది, ఆ రేవు ఎక్కడుండేది అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ వెతికేది ఈ ఫొటోల కోసమే. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వంటి చోట్ల ఫొటోగ్రఫీ ఇప్పుడు డిగ్రీ చదువు. అలా చదువుకునే విద్యార్థి కెమెరా పట్టుకుని దూర దేశాలకు పోనక్కర్లేదు. ఎవరూ సరిగా చూడని పల్లెలు సొంత జిల్లాలోనే ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మొగల్తూరు అలాంటిది.

పశ్చిమ గోదావరి జిల్లాకు ఉన్న సముద్ర తీరం మొత్తం 19 కిలోమీటర్లు. అది నరసాపురం, మొగల్తూరు మండలాల్లోనే ఉంది. గోదావరి కాలువల శివారు ఆయకట్టు, రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు, సరుగుడు తోపులు, పేరుపాలెం బీచ్, మత్స్యకారుల పేటలు, ఇంటి అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్లు, ఇన్ని ఒక్క మండలంలో కనిపిస్తాయి. బయటివాళ్లకు మాత్రం మొగల్తూరు అంటే ఇద్దరు సినిమా తారల సొంతూరు. కృష్ణంరాజు 1940లో, చిరంజీవి 1955లో ఇక్కడే పుట్టారు. 2022 సెప్టెంబరులో కృష్ణంరాజు సంస్మరణ సభ జరిగినప్పుడు ఊరు ఊరంతా కెమెరాలే. ఆ కృష్ణంరాజు కూడా సినిమాల్లోకి రాకముందు పత్రికలో పనిచేసి, ఫొటోలు తీసినవారే. అభిమానులు వచ్చి తారల ఇళ్ల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఇంటి వెనకాల పారే కాలువను ఫొటో తీసేవాళ్లు తక్కువ.

నిజానికి గోదావరి డెల్టాకు ఫొటోల కరువు లేదు. తెలుగు సినిమా ఈ నేలను చూపించినంతగా మరో నేలను చూపించలేదు. నరసాపురంలో పుట్టిన బాపు తన తొలి చిత్రం 'సాక్షి'ని 1967లో గోదావరి ఒడ్డున పులిదిండి గ్రామంలో, స్టూడియో సెట్లు లేకుండా తీశారు. 1973లో వచ్చిన 'అందాల రాముడు' గోదావరి మీద లాంచీ ప్రయాణమే. అంతకు చాలా ముందే రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటివారు చుట్టూ ఉన్న మనుషులనూ, నేలనూ చూసి బొమ్మలు వేశారు. ఆ చూపు గొప్పది. తరవాతి కాలంలో అది అరిగిపోయి కొబ్బరి చెట్లు, పడవ, సూర్యాస్తమయం, పట్టు లంగా కట్టిన అమ్మాయిగా మిగిలింది. క్యాలెండర్లూ, రీల్సూ అదే బొమ్మను మళ్లీ మళ్లీ తిప్పుతున్నాయి. డెల్టా అందంగా ఉంటుందన్నది అబద్ధం కాదు. కానీ తాగేనీళ్ల కోసం టిన్ను పట్టుకుని నిలబడే మనిషి ఆ అందమైన ఫ్రేములో ఎప్పుడూ పడడు.

ఒక ప్రాంతం మీద ఒకే రకం ఫొటోలు పేరుకుపోతే ఏమవుతుందో అమెరికాలోని అపలాచియా కొండ ప్రాంతం చూపించింది. అక్కడ పేరుకున్నది అందం కాదు, పేదరికం. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వం తరఫున రాయ్ స్ట్రైకర్ నడిపించిన ఫొటో విభాగం కోసం వాకర్ ఎవాన్స్, బెన్ షాన్, మేరియన్ పోస్ట్ వోల్కాట్ పశ్చిమ వర్జీనియా బొగ్గుగనుల పల్లెల్లో పనిచేశారు. ఆ విభాగం ఫొటోలు నేటికీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించాక టీవీ కెమెరాలు మళ్లీ ఆ కొండల మీద పడ్డాయి. చిరిగిన బట్టల పిల్లలు, కూలుతున్న వరండాలు దేశమంతా చూసింది. అక్కడివాళ్లకు అది అవమానంగా తోచింది. 1967 సెప్టెంబరులో కెంటకీ రాష్ట్రం లెచర్ కౌంటీలో, అద్దె ఇళ్ల దగ్గర చిత్రీకరిస్తున్న హ్యూ ఓకానర్ అనే కెనడా దర్శకుడిని ఆ ఇళ్ల యజమాని తుపాకీతో కాల్చి చంపాడు. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. కానీ కెమెరా పట్టుకుని పరాయి ఇంటి ముందు నిలబడే ప్రతి విద్యార్థీ ఆ సంఘటన తెలుసుకుని తీరాలి.

జవాబు కూడా అదే కౌంటీ నుంచి వచ్చింది. 1969లో వైట్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో ఆపల్‌షాప్ అనే సంస్థ మొదలైంది. స్థానిక యువతకు ఫిల్ము తీయడం నేర్పి, తమ కథ తామే చెప్పుకునేలా చేయడం దాని పని. ఓకానర్ హత్య మీద 2000లో వచ్చిన డాక్యుమెంటరీ తీసింది కూడా ఆ సంస్థలో పనిచేసిన స్థానికురాలే, ఎలిజబెత్ బారెట్. 1970లలో వెండీ ఎవాల్డ్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడి బడి పిల్లల చేతికి కెమెరాలిచ్చి తమ ఇంటివాళ్లనూ, తమ కలలనూ తీయమంది. ఆ ఫొటోలు 1985లో పుస్తకంగా వచ్చాయి. బయటివాళ్లు తీసిన ఫొటోల్లో జాలి కనిపిస్తే, పిల్లల ఫొటోల్లో ఇల్లు కనిపించింది.

డెల్టా విద్యార్థికి ఇందులో ఉన్న పాఠం సూటిగానే ఉంది. అపలాచియాను పేదరికం కప్పేసింది, గోదావరి డెల్టాను పచ్చదనం కప్పేసింది. రెండుచోట్లా దాని కింద పనిచేసే మనిషి కనబడకుండా పోయాడు. అతన్ని వెతకాలంటే ముందు నీళ్ల దగ్గరికి వెళ్లాలి. మొగల్తూరులో కథంతా నీటిదే.

1852లో బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా వరి నేల అయింది. సార్వా, దాళ్వా రెండు పంటల చక్రం ఇప్పటికీ కాలువ నీటి మీదే నడుస్తోంది. 1980ల చివర టైగర్ రొయ్య వచ్చింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల మీద ఆంక్షలు పెట్టింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికాక భీమవరం చుట్టూ చెరువులు మళ్లీ విస్తరించాయి. వరి గట్టు పక్కన చెరువు గట్టు లేస్తుంది. ఒకరి చేను చెరువైతే పక్క రైతు చేలోకి ఉప్పునీరు ఊరుతుంది, ఇష్టం లేకపోయినా అతనూ తవ్వించాల్సి వస్తుంది. ఎకరా ఎకరా అలా మారిన తీరు ప్రభుత్వ లెక్కల్లో అంకెలుగా ఉండవచ్చు, నేల మీద నిలబడి తీసిన ఫొటోల్లో మాత్రం దొరకడం అరుదు.

కెమెరాకు ఇక్కడే అసలు కష్టం వస్తుంది. నీటిలో కలిసిన ఉప్పు ఫొటోలో పడదు. గాలిలో వాసన పడదు. కనిపించని దాన్ని దాని ఆనవాళ్ల ద్వారా పట్టుకోవాలి. చెరువు గట్టును ఆనుకున్న వరిచేలో పసుపుబారిన అంచు ఒక ఆనవాలు. తల వాడిపోయి నిలబడ్డ కొబ్బరిచెట్ల వరస మరొకటి. ఇంటి గోడ అడుగున ఇటుకలు పొడిపొడిగా రాలి తెల్లగా పేరుకున్న ఉప్పు, తుప్పు తినేసిన చేతిపంపు, సైకిలుకి రెండు వైపులా తగిలించిన ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకునే రోజు, ఇవన్నీ ఒకే కథకు సాక్ష్యాలు. రాత్రి పూట అయితే చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు నురగలు కక్కుతూ తిరుగుతుంటాయి, గట్టు మీద వరసగా దీపాలు వెలుగుతుంటాయి. బయటి ప్రాంతాల నుంచి వచ్చి ఆ గట్ల మీద పాకల్లో బతికే కాపలా కుటుంబాలు ఏ ఊరి ఫొటోలోనూ ఉండవు. కరెంటు పోతే రొయ్యకు ఊపిరి ఆడదు, జనరేటరు కోసం పరుగెత్తేది వాళ్లే. చెరువు పట్టుబడి నాడు లారీలు, ఐసు, వలలు, తక్కెడ చుట్టూ గుమిగూడిన మనుషులు. ఆ తరవాత షెడ్లలో గంటల తరబడి నిలబడి రొయ్య తలలు తీసే ఆడవాళ్ల చేతులు. ఎగుమతి ధర పడిపోతే ముందుగా ఆ చేతుల మీదే దెబ్బ పడుతుంది.

ఈ పరిశ్రమ లాభమూ నిజమే, దాని వెల కూడా నిజమే. గొంతేరు డ్రెయిన్‌లోకి వ్యర్థజలాలు వస్తాయన్న భయంతో భీమవరం దగ్గరి తుందుర్రు, దాని చుట్టుపక్కల గ్రామాలవాళ్లు అక్కడ కట్టే ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా పోరాడారు. 2016లో వ్యవహారం అక్కడ నిషేధాజ్ఞలు పెట్టేదాకా వెళ్లింది. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారితోటలోని ఒక ఆక్వా కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వార్తా ఫొటోగ్రాఫర్లు ఆ రోజు వచ్చారు, వెళ్లారు. వాళ్ల పని అంతే. ప్రమాదానికి ముందు ఏడాది ఆ డ్రెయిన్ నీటి రంగు ఏమిటి, తరవాత ఐదేళ్లకు ఏమిటి అన్నది నమోదు చేయడం విద్యార్థి చేయగల పని. ఇలాంటి విషయంలో ఒక్క ఫొటో చూపించి తీర్పు చెప్పకూడదు. చెరువు రైతు అప్పూ, షెడ్డు కూలీ జీతమూ, వరి రైతు నష్టమూ, డ్రెయిన్ ఒడ్డున ఉండే ఇంటి బాధా నాలుగూ ఒకే వరసలో రావాలి. అలా రాకపోతే ఆ ఫొటో కరపత్రంలో వేసుకోవడానికి పనికొస్తుంది కానీ రికార్డుగా నిలవదు.

సముద్రం వైపు వెళ్తే మరో క్యాలెండరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఒడ్డు మీద పడవల మరమ్మతులు, వలల అల్లకం సాగుతాయి, ఇళ్లల్లో అప్పులు పెరుగుతాయి. నిషేధం ముగిశాక తెల్లవారుజామున ఫైబర్ పడవలు అలలు దాటుతాయి. అలివి వల లాగేటప్పుడు రెండు వైపులా వరసగా మనుషులు నిలబడి తాడును ఒడ్డుకు లాక్కొచ్చే దృశ్యం ఎవరినైనా ఆపేస్తుంది. అందుకే దాన్ని అందరూ తీస్తారు. వల ఒడ్డుకు వచ్చాక అందులో ఏముంది, ఎంత పడింది, వేలం పాట ఎవరు పాడుకున్నారు, ఎంతకు, ఐసు డబ్బులు పోగా చేతికి ఎంత మిగిలింది అన్నది తీసేవాళ్లు తక్కువ. ఇసుక మీద ఎండు చేపలు తిరగేసే ముసలమ్మ దగ్గర పూట గడిపితే ఈ లెక్కలన్నీ ఆవిడే చెబుతుంది. కార్తీకమాసం ఆదివారాల్లో పేరుపాలెం బీచ్‌కు వనభోజనాల జనం వేలల్లో వస్తారు. సోమవారం పొద్దున మిగిలిన ప్లాస్టిక్ ఆకుల మధ్యనే పడవ దింపుకోవాలి. ఈ రెండు రోజులూ ఒకే చోట నిలబడి తీయవలసినవి.

తీరం కూడా కదులుతోంది. నది మీద ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ సముద్రానికి చేరే ఒండ్రు తగ్గింది, డెల్టా అంచు చాలాచోట్ల కోతకు గురవుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో దీన్ని చూపించారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లూ, రోడ్డూ సముద్రంలో కలిసిపోతున్నాయి. ఉపగ్రహం గీతను చూపిస్తుంది, ఆ గీత మీద ఉన్న ఇంటిని చూపించదు. దానికి నేల మీద నిలబడ్డ కెమెరా కావాలి. ఫొటోగ్రఫీలో దీనికి బాగా రుజువైన పద్ధతి ఉంది. కదలని గుర్తు ఒకటి, అంటే గుడి, వంతెన, పాత బడి, లైట్‌హౌసు వంటిది ఫ్రేములో ఉండేలా చోటు ఎంచుకుని, అదే ఎత్తు నుంచి, అదే లెన్సుతో, ప్రతి ఏటా అదే నెలలో తీస్తారు. ఫోనులోని జీపీఎస్ అంకెలు రాసి పెట్టుకుంటారు. మొదటి ఏడాది ఆ ఫొటోలో ఏ విశేషమూ కనిపించదు. పదో ఏడాది అది శాస్త్రవేత్తకూ, పంచాయతీకీ, కోర్టుకూ పనికొచ్చే ఆధారం అవుతుంది.

ఇక ఇంటి లోపలి పని. నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు క్రోషే సూదితో లేసు అల్లుతారు. 1844లో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య ఇదని చెబుతారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ పల్లెల్లో ఉండి పరిశోధించి 1982లో ఒక పుస్తకం వెలువరించారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను కార్మికులుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వాదన. స్త్రీ అధ్యయనాల్లో ప్రపంచమంతా ఉదహరించే పుస్తకం అది. ఆ పుస్తకం పుట్టిన పల్లెల్లోనే దాని గురించి విన్నవాళ్లు అరుదు. లేసు ఫొటోలు వెతికితే దుప్పట్లూ, బల్ల మీద పరిచే గుడ్డలూ దొరుకుతాయి. అల్లే మనిషి మధ్యాహ్నం వెలుగు కోసం అరుగు మీదికి జరగడం, కళ్లు నొప్పెట్టి దారం పక్కన పెట్టడం, ఏజెంటు వచ్చి లెక్క కట్టడం దొరకవు. ఇక్కడ విద్యార్థినులకు ఒక వీలుంది. వాళ్లు ఏ ఇంటి వంటగదిలోకైనా వెళ్లి కూర్చోగలరు.

ఇలాంటి చూపుకు మన దగ్గర దారి వేసినవాళ్లు ఉన్నారు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 మధ్య పది రాష్ట్రాల్లో తీసిన గ్రామీణ స్త్రీల ఫొటోలు కనిపించే పని, కనిపించని స్త్రీలు అనే అంశంతో ప్రదర్శనగా ఊరూరా తిరిగాయి. గ్యాలరీల్లోనే కాక బస్టాండ్లలో, కర్మాగారాల దగ్గర, కూలీలు గుమిగూడే చోట పెట్టడం ఆ ప్రదర్శన ప్రత్యేకత. ఆయన 2014 డిసెంబరులో మొదలుపెట్టిన 'పరి' అనే గ్రామీణ భారత భాండాగారం తెలుగులో కూడా కథనాలు ఇస్తోంది, విద్యార్థుల పనిని ప్రచురిస్తోంది. వరంగల్లు ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లె బతుకునూ, బతుకమ్మనూ పట్టువిడవకుండా తీశారు. కోస్తా డెల్టాకు అలాంటి నమోదు ఇంకా పెద్దగా జరగలేదు. ఇది పెద్ద లోటు.

పద్ధతి విషయానికొస్తే, మొదటి వారం కెమెరా సంచిలోనే ఉండటం మంచిది. ఎవరి చెరువు, ఎవరి పడవ, ఎవరి వీధి తెలియకుండా తీసిన ఫొటోలకు వివరం రాయడం కష్టం. వివరం లేని ఫొటో సగం ఫొటో. ఊరు, తేదీ, జరుగుతున్న పని, ఒప్పుకుంటే మనిషి పేరు, వాళ్లు అన్న మాట నోటుబుక్కులో అదే రోజు పడాలి. అడిగి తీయడం మర్యాదే కాదు, పనికి పునాది కూడా. "బాబూ, ఎందుకు తీస్తున్నావు?" అని పెద్దాయన అడిగితే చెప్పగలిగిన జవాబు ఉండాలి. వద్దంటే ఆగాలి. చావు ఇంట్లో, అప్పు గొడవలో, కూలీకి యజమానితో ఇబ్బంది తెచ్చే చోట ముఖం చూపించకుండా చేతులు, పనిముట్లు తీసినా విషయం చెప్పవచ్చు. ప్రింటు తీయించి మనిషికి ఇచ్చి రావడం మాత్రం తప్పనిసరి. డెల్టా పల్లెల్లో ఒక ప్రింటు ఇస్తే తరవాతి ఏడాది పది ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి.

వెలుగు కూడా ఇక్కడ వేరు. చెరువు నీళ్లు మధ్యాహ్నం అద్దంలా మెరిసి కెమెరా మీటరును మోసం చేస్తాయి, నీడలో ఉన్న ముఖం నల్లగా పడుతుంది. పొద్దున్నే, సాయంత్రం పని ఎక్కువ, వెలుగూ బాగుంటుంది. ఉప్పుగాలికి లెన్సు తుడుచుకోకపోతే పొర కడుతుంది. తేమకు లెన్సు లోపల ఫంగస్ పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బా విద్యార్థికి కొత్త లెన్సు కన్నా అవసరం.

తీసినదాన్ని దాచడం తీయడం కన్నా పెద్ద పని. 2022 జులైలో కెంటకీ వరదలు ఆపల్‌షాప్ భవనంలోకి వచ్చి యాభై ఏళ్ల ఫిల్ములు, టేపులు, ఫొటోలను బురదలో ముంచేశాయి. వాటిని ఆరబెట్టి, శుభ్రం చేసి కాపాడుకునే పని ఏళ్ల తరబడి సాగింది. గోదావరికి 1986 ఆగస్టులో వచ్చిన వరదనూ, 1996 నవంబరు 6న కోనసీమ మీద పడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన తుపానునూ చూసిన డెల్టాకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఫైళ్లు కనీసం మూడు ప్రతులుగా ఉండాలి, వాటిలో ఒకటి డెల్టాకు దూరంగా ఉండాలి. ఊరి గ్రంథాలయంలో, బడిలో ప్రింట్లు ఉండాలి.

కొత్తగా తీయడం ఎంత ముఖ్యమో, ఉన్నవాటిని పోగుచేయడం అంతే ముఖ్యం. నరసాపురం, మొగల్తూరు, భీమవరంలోని పాత స్టూడియోల నెగిటివ్‌లు డిజిటల్ వచ్చాక చెత్తలోకి వెళ్తున్నాయి. పెళ్లి ఫొటోలో దంపతుల వెనక కనిపించే మండువా లోగిలి, తాటాకు పాక, నిండుగా పారే కాలువ, ఇప్పుడు లేని రేవు చరిత్రకు ఆధారాలు. మీ ఇంట్లో అలాంటి ఆల్బం ఉంటే దాన్ని పారేయకండి. ప్రతి ఫొటో వెనక ఏ ఊరు, ఏ ఏడాది, అందులో ఎవరెవరు ఉన్నారో పెద్దవాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే పెన్సిలుతో రాసి పెట్టండి. ఊరి గురించి పనిచేసే విద్యార్థి వచ్చి అడిగితే కాపీ తీసుకోనివ్వండి.